‘డూ అవే విత్’ – ఒక అర్జీ కథ

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కాలేజీలో హాస్టలు విద్యార్థులు ప్రిన్సిపాలుగారికి ఇంగ్లీషులో అర్జీ రాసుకున్నారు. కూర బాగుండడం లేదు, నీళ్ళు సరిగా రావడం లేదు, వార్డెను చెప్పిన మాట వినిపించుకోడు – ఇదీ దాని సారాంశం. ఇచ్చేముందు తప్పులు దిద్దమని నా దగ్గరికి తెచ్చారు. చివరి వాక్యం దగ్గర ఉలిక్కిపడ్డాను. ‘వుయ్ రిక్వెస్ట్ యు టు డూ అవే విత్ అవర్ వార్డెన్’ అని ఉంది.

“ఏందిరా ఇది? వార్డెన్ను చంపించమని ప్రిన్సిపాలుగారికే అర్జీ పెడతారా?” అన్నాను.

“అయ్యో, అట్లగాదు సార్! ఆయన్ను తీసేయమని రాసినాం. డిక్షనరీలో ‘తీసివేయు’ అనే ఉండాది” అన్నాడు రాసిన కుర్రవాడు.

వాడు ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క తెలిసినవారు లేరు. డిక్షనరీ తిరగేసి మరీ రాశాడు. కనుక తప్పంతా వాడి మీద వేయలేము. డిక్షనరీ సగమే చెప్పింది. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

‘డూ’ అంటే చేయు. ‘అవే’ అంటే దూరంగా. ‘విత్’ అంటే తో. మూడూ కలిపితే ఏ అర్థమూ రాదు. ఇట్లా క్రియకు ఒక చిన్న మాట తగిలించి కొత్త అర్థం పుట్టించే పద్ధతి పరభాషల వారికి మహా కష్టమని 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలోనే ఒప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. పేరు కొత్తదే గాని జబ్బు పాతది.

ఇంతకూ ‘డూ అవే విత్’ అంటే, ఒక నియమాన్నో, ఆచారాన్నో, పదవినో, పనికిరాని వస్తువునో ఇక వద్దని నిర్ణయించి లేకుండా చేయడం. మన పల్లెల్లో పెద్దవాళ్ళకు బాగా గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. దీన్ని ఇంగ్లీషులో ‘ది గవర్నమెంట్ డిడ్ అవే విత్ ది పోస్ట్స్ ఆఫ్ కరణమ్స్’ అంటే నిక్షేపంగా ఉంటుంది. అందులో ‘పోస్ట్స్’ అన్న మాట ఎగరగొట్టి ‘డిడ్ అవే విత్ ది కరణమ్స్’ అన్నారనుకోండి, సంగతి తెలియని వాడు ఒక్క క్షణం ఆగి మన ముఖం వంక చూస్తాడు. ఎందుకంటే ఈ మాట తరవాత వస్తువో పద్ధతో వస్తే రద్దు. మనిషి వస్తే హత్య. ‘వన్‌సెల్ఫ్’ అని వస్తే ఆత్మహత్య. మన వార్డెనుగారు ఇక్కడే ఇరుక్కున్నారు.

ఇదంతా ఇంగ్లీషువాడి పిచ్చి అని విద్యార్థులు విసుక్కుంటారు. నాకు మాత్రం అట్లా తోచదు. మన తెలుగులో ఈ పని రోజూ జరుగుతూనే ఉంది. ‘ఎత్తు’, ‘వేయు’ – రెండూ విడివిడిగా తెలిసినవే. పన్ను ‘ఎత్తివేశారు’ అంటే ఎవరూ దేన్నీ చేతులతో పైకెత్తలేదు, కింద వేయలేదు. కోర్టు కేసు ‘కొట్టివేసింది’ అంటే ఎవరికీ దెబ్బ తగలలేదు. ‘తినేశాడు’లో వేయడం ఎక్కడుంది? ఇంగ్లీషువాడు క్రియకు వెనక ‘అవే’, ‘ఔట్’, ‘ఆఫ్’ తగిలిస్తే మనం ‘వేయు’, ‘పెట్టు’, ‘పారేయు’ తగిలిస్తాం. అంతే తేడా. మనిషి వచ్చి చేరితే అర్థం ప్రాణం మీదికి రావడం కూడా మనకు కొత్త కాదు. ‘పొద్దున్నే వాణ్ణి లేపండి’ అంటే నిద్ర లేపడం. ‘వాణ్ణి లేపేయండి’ అంటే పోలీసులు రావలసిన పని. తెలుగు నేర్చుకునే తెల్లదొర ఎవరైనా హోటలు కుర్రాడికి ఈ రెండో మాట చెబితే వాడి పరిస్థితి కూడా మన అర్జీ కుర్రవాడిదే!

చిక్కల్లా ఏమిటంటే, రెండు భాషల్లోనూ ఈ జతలు ఒకదానికొకటి సరిపోవు. ‘ఉద్యోగంలోంచి తీసేశారు’ అని మనం మనిషి గురించి నిశ్చింతగా అంటాం. ‘డూ అవే విత్’కు ఆ అర్థం లేదు. అక్కడ ‘రిమూవ్’ అనాలి.

దీనికి చుట్టాలూ ఉన్నారు. ‘గెట్ రిడ్ ఆఫ్’ అంటే వదిలించుకోవడం. ఎలుకలకూ, జలుబుకూ, విసిగించే మనిషికీ సరిపోతుంది గాని అర్జీలో రాస్తే మర్యాదగా ఉండదు. ‘వైప్ ఔట్’ అంటే ఆనవాలు లేకుండా తుడిచిపెట్టడం. మశూచి ఇట్లాగే పోయింది. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పుస్తక భాషలో దీన్నే ‘ఎరాడికేట్’ అంటారు. దాని లాటిన్ మూలంలో వేరు ఉంది; మన ‘నిర్మూలన’లోని మూలమూ వేరే. ఇద్దరూ ఒకే కలుపు పీకినట్టున్నారు.

తుడవడం అంటే మార్కాపురం పలక గుర్తుకు రాక మానదు. ఒకప్పుడు బడిపిల్లలందరి చేతుల్లో ఉన్న పలక ఇప్పుడు అరుదైపోయింది. మరి పలకలను ‘డూ అవే విత్’ చేశారనవచ్చునా? ఏదో ఒక బడి ‘మాకిక పలకలు వద్దు’ అని నిర్ణయిస్తే ఆ బడి చేసిందనవచ్చు. ఎవరూ నిర్ణయించకుండానే నోటుపుస్తకాలు వచ్చి పలకలు వెనకబడితే, ఆ వాడుక ‘డైడ్ ఔట్’ అనాలి. ‘డూ అవే విత్’కు చేసేవాడు ఒకడు కావాలి.

అట్లా అని చేసినది శాశ్వతమనీ కాదు. మన శాసనమండలిని 1985లో రద్దు చేశారు, 2007లో మళ్ళీ వచ్చింది. 2020లో రద్దు కోరుతూ శాసనసభ తీర్మానించింది, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది.

అర్జీ సంగతికి వస్తే, ఆ వాక్యాన్ని ‘వేరొక వార్డెన్ను నియమించగలరు’ అని మార్చి, నీళ్ళ సంగతి పైకి తెచ్చాము. అందరూ వెళ్ళినా ఆ కుర్రవాడు మాత్రం నిలబడ్డాడు.

“సార్, అంటరానితనాన్ని అబాలిష్ చేసినామని రాజ్యాంగంలో ఉండాది గదా. డూ అవే విత్ అని ఎందుకు రాయలేదు?”

పదిహేడవ అధికరణంలోని మాట ‘అబాలిష్’ అన్నది నిజమే. అర్థం రెండింటిదీ ఒకటే, కాకపోతే అది చట్టం భాష, ఇది మాట్లాడుకునే భాష అని చెప్పాను. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చాక కూడా, పాటించినవారిని శిక్షించడానికి 1955లో వేరే చట్టం చేయవలసి వచ్చిందని కూడా చెప్పాను.

వాడు కాసేపు ఊరకున్నాడు. “మా వూరి టీ కొట్టులో మా నాయనకు వేరే గ్లాసు ఉండేది సార్. నేను చూసినా. అంటే అబాలిష్ అయింది గానీ డూ అవే కాలేదన్నమాట” అన్నాడు.

నిఘంటువు ఒప్పుకోదేమో గాని నేను కాదనలేకపోయాను. ఆ మాటే ఇంగ్లీషులో బోర్డు మీద రాయమన్నాను. ‘ఇట్ వజ్ అబాలిష్డ్, బట్ ఇట్ వజ్ నాట్ డన్ అవే’ అని రాసి ఆగాడు. వాక్యం ఇట్లా తిరగబడినప్పుడు కూడా ‘విత్’ వదలరాదు, చివర ఒంటరిగానైనా నిలబడాలి అన్నాను. సుద్దముక్క తీసుకుని ఆ ఒక్క మాటా చేర్చాడు.