ఒంటరి కసరత్తుకు రెండున్నర కిలోల లెక్క

అనంతపురం జిల్లా పల్లెల్లో గుడి ముందరో రచ్చబండ పక్కనో రాతిగుండు పడి ఉండడం ఇప్పటికీ చూస్తాం. ఉగాదికో జాతరకో పడుచువాళ్ళు దాని చుట్టూ చేరతారు. గుండును రెండు చేతులతో పొదివి పట్టి తొడల మీదికి దొర్లించుకుని, అక్కణ్ణించి రొమ్ముకు ఆనించి, చివరికి భుజం మీదికి ఎక్కించి వెనక్కి వదిలేస్తారు. ఆ గుండుకు ఉన్నది ఒకటే బరువు. లేస్తే లేచినట్టు, లేవకపోతే మళ్ళీ పండగ దాకా ఆగాలి. అయితే ఎత్తేవాడి చుట్టూ ఊరుంటుంది. నడుము వంగిందంటే "వెన్ను నిలబెట్రా" అని కేకేసే పెద్దమనిషి ఉంటాడు. గుండు జారితే పక్కకు లాగేవాళ్ళుంటారు.

ఇప్పుడు గుంతకల్లు, కళ్యాణదుర్గం, రాయదుర్గం, తాడిపత్రి లాంటి ఊళ్ళలోనూ జిమ్ములు వచ్చాయి. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్ళు, దుకాణాల్లో రోజంతా నిలబడేవాళ్ళు, కాలేజీ పిల్లలు తెల్లారుజామునే వెళ్తుంటారు. అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామంలో చేరిన పిల్లలకు హాకీ, ఫుట్‌బాల్, జూడో నేర్పే శిక్షకులున్నారు. ఆ వయసు, ఆ వీలు దాటిపోయినవాళ్ళకు నెల ఫీజు కడితే దొరికేది ఇనుము మాత్రమే, పక్కన నిలబడి చూసే మనిషి అన్నిచోట్లా దొరకడు. అలా తనంతట తానే మొదలుపెట్టే మనిషికి శాస్త్రం ఇవ్వగలిగింది చాలా ఉంది. గుండుకు లేనిదీ జిమ్ములోని ఇనుముకు ఉన్నదీ ఒకటుంది. దాని బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. మిగతావన్నీ దాని తర్వాతే.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే యువ వైద్యుడు పనిచేసేవాడు. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు నెలల తరబడి కోలుకోక అక్కడే ఉండిపోయేవారు. తేలిక బరువుతో ఎక్కువసార్లు కాళ్ళు ఆడించడమే అప్పటి వైద్యం. డెలార్మ్ కుర్రతనంలో రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, లేచాక బరువులెత్తి బలం తెచ్చుకున్నవాడు. ఆ అనుభవంతోనే సైనికుల చేత ఎక్కువ బరువు, తక్కువసార్లు ఎత్తించాడు. బలం వచ్చేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. ఆ ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. మొదట్లో పదేసి సార్ల చొప్పున ఏడు నుంచి పది విడతలు చేయించినవాడు, 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి మూడు విడతలు చాలని తేల్చాడు. పదిసార్లకు మించి ఎత్తలేని బరువు 20 కిలోలనుకుంటే, మొదటి విడత 10 కిలోలతో, రెండోది 15తో, మూడోది 20తో. నేటికీ ప్రతి జిమ్ములో వినబడే "మూడు సెట్లు, పది రెప్స్" లెక్కకు మూలం ఇదే.

ఒంటరిగా చేసేవాళ్ళకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడదు. మొదటి రెండు సెట్లలోనే ఆ రోజు ఒళ్ళు ఎలా ఉందో తెలిసిపోతుంది. రాత్రి నిద్ర లేక 15 కిలోలే భారమనిపిస్తే ఆ పూట ఇరవైకి పోకూడదు.

జిమ్ముల్లో మామూలుగా దొరికే చిన్న ప్లేటు కిలోంపావు. రాడ్డుకు అటూ ఇటూ ఒక్కొక్కటి వేస్తే రెండున్నర కిలోలు. కొత్తవాళ్ళకు ఇది లెక్కలోకి రాదు, ఒకేసారి ఐదు కిలోల ప్లేట్ల మీద చెయ్యి పడుతుంది. కానీ రెండున్నర కిలోలు చిన్న లెక్క కాదు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు లేవలేదు. బంగారు పతకం 242.5 కిలోలకు దక్కింది. అంతటి ఛాంపియన్‌కే రెండున్నర కిలోలు అంత దూరమైనప్పుడు, నిన్న మొన్న రాడ్డు పట్టుకున్నవాళ్ళు వాటిని తక్కువ చేసి చూడకూడదు. కాళ్ళ కసరత్తుకు వారానికి రెండున్నర కిలోలు పెరిగితే చాలా మంచి వేగం. భుజాలకు, ఛాతీకి రెండు వారాలకొకసారి పెరిగినా చాలు.

మొదటి నెలలో జరిగేది బయటికి కనబడదు. వెన్నుపాములోని ఒక్కొక్క నాడీకణం కండరంలోని కొన్ని పోగులను, కొన్నిచోట్ల వెయ్యికి పైగా పోగులను, ఏలుతుంది. బరువు పెరిగేకొద్దీ మెదడు ఇంకా ఇంకా పెద్ద నాడీకణాలను పిలవాలి. అలవాటు లేని ఒంట్లో ఆ పిలుపు పూర్తిగా అందదు, పైగా ఎదురు కండరాలు కూడా బిగిసి పనికి అడ్డం పడతాయి. 1979లో మొరిటాని, డివ్రీస్ అనే శాస్త్రవేత్తలు కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచి చూస్తే, తొలి మూడు నుంచి ఐదు వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ పాలు నాడులదేనని తేలింది. కండ పెరగడం ఆ తర్వాత వస్తుంది. అందుకే మూడో వారంలో బరువులు సులువుగా లేస్తున్నా అద్దంలో మార్పు కనబడదు. చాలామంది విసుగెత్తి మానేసేది, లేదా కంగారుపడి బరువు రెట్టింపు చేసేది సరిగ్గా అప్పుడే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు కండరం కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి. ఆ సమయంలో తొందరపడితే మోచేయో మోకాలో నొప్పి పట్టుకుని వదలదు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, చాలు. ఒకసారి గట్టిగా చేశాక కండరం ఒకటి రెండు రోజుల పాటు కొత్త ప్రోటీన్ కూర్చుకుంటూనే ఉంటుంది. ఆ పని సాగనివ్వాలి. ప్రతి పూటా ఒళ్ళంతా పనిచేయాలి. కూర్చుని లేవడం, నెట్టడం, లాగడం, కింద ఉన్నది పైకెత్తడం, మోసుకుని నడవడం, ఇంతే. ఒకరోజు చేతులకు, ఒకరోజు ఛాతీకి అని పంచుకునే పద్ధతి ఏళ్ళ తరబడి చేసినవాళ్ళది.

స్క్వాట్ సంగతే దగ్గరగా చూద్దాం. మన బస్కీలే, భుజాన బరువుతో. మొదట రాడ్డు జోలికి పోకుండా, వెనకాల మోకాలెత్తు స్టూలు వేసుకుని, ఐదు కిలోల డంబెల్‌ను రెండు చేతులతో రొమ్ముకు ఆనించి పట్టుకోండి. పాదాలు భుజాలంత వెడల్పున, వేళ్ళు కాస్త బయటికి. ముందు పిరుదులు వెనక్కి పోవాలి, ఆ తర్వాతే మోకాళ్ళు వంగాలి. స్టూలును తాకీ తాకకుండా లేవాలి. మడమలు నేల విడిచాయంటే పాదాలు ఇంకాస్త ఎడం చేయాలి. మోకాళ్ళు లోపలికి వాలిపోతున్నాయంటే బరువు ఎక్కువైనట్టు. రొమ్ము దగ్గరి డంబెల్ ముందుకు జారుతోందంటే వెన్ను వంగుతోందన్నమాట. ఊళ్ళో పెద్దమనిషి కేకేసి చెప్పేది ఇక్కడ ఆ డంబెల్ చెబుతుంది. ఫోన్‌ను గోడకు ఆనించి పక్కనుంచి ఒక సెట్టు వీడియో తీసుకున్నా అంతే తేటగా తెలుస్తుంది.

తోడు లేనప్పుడు అసలు ప్రమాదం బెంచ్ ప్రెస్‌లో ఉంది. వెల్లకిలా పడుకుని రాడ్డును రొమ్ము దాకా దించాక అది లేవకపోతే ఎత్తేవాళ్ళెవరూ ఉండరు. అలా మెడ మీద రాడ్డు పడి ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల జరిగాయి. తోడు లేనివాళ్ళు తొలి నెలల్లో దండీలు తీయడం, డంబెల్స్‌తో నెట్టడం మేలు. లేవకపోతే డంబెల్స్‌ను పక్కలకు దించేయొచ్చు. రాడ్డుతోనే చేయాలనుకుంటే ఇరుపక్కలా అడ్డకడ్డీలున్న స్టాండులో చేయాలి. అవి లేనిచోట ప్లేట్లకు బిగించే క్లిప్పులు తీసేయాలి. రాడ్డు రొమ్ము మీద ఆగిపోతే ఒక పక్కకు వంచితే ఆ పక్క ప్లేట్లు జారిపోతాయి, మరుక్షణం రాడ్డు రెండో పక్కకు విసురుగా లేస్తుంది. దగ్గర్లో మనుషులుండకూడదు. బొటనవేలు రాడ్డు చుట్టూ తిరిగి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించినప్పుడే సెట్టు ఆపేయడం.

ఊపిరి బిగబట్టడం మరో చిక్కు. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ధమనిలోనే కొలిచి చూస్తే, రెండు కాళ్ళతో భారీ బరువు నెట్టేటప్పుడు రక్తపోటు సగటున 320/250 దాకా పోయింది. వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువకులు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. బీపీ ఉన్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోండి.

తోడు వల్ల ఇంకో లాభం కూడా ఉందని 2000లో అమెరికాలో జరిగిన అధ్యయనం చెప్పింది. పన్నెండు వారాలు ఒకే పట్టిక ప్రకారం చేసినా, శిక్షకుడు దగ్గరున్నవాళ్ళ బలం ఎక్కువ పెరిగింది. కారణం, వాళ్ళు బరువు క్రమంగా పెంచుతూ పోయారు. ఒంటరి మనిషి ఒకే బరువు దగ్గర ఆగిపోతాడు. ఈ లోటును పది రూపాయల నోటుపుస్తకం చాలావరకు తీరుస్తుంది. తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలిగేవాళ్ళం, ఇవి రాసుకోవాలి. మూడు సెట్లూ నిండి ఇంకా రెండుసార్ల శక్తి మిగిలిందని రెండు పూటలు వరసగా రాసి ఉంటే మూడో పూట చిన్న ప్లేట్లు వేయాల్సిందే.

మన ఎండ సంగతి విడిగా చెప్పాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే సంతోషించే జిల్లా ఇది. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద గాలాడని గదిలో ఇంకా వేడి. ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. కాబట్టి వేసవిలో మొదలుపెట్టేవాళ్ళు పొద్దు పొడవకముందే, సగం పనితో మొదలుపెట్టాలి. ఉప్పేసిన పల్చని మజ్జిగ చాలా మంచిది.

రెండో రోజు, మూడో రోజు ఒళ్ళు నొప్పులు సహజం. బరువు దించేటప్పుడు కండరం సాగుతూ పనిచేస్తుంది, సన్నని చీలికలు అప్పుడే వస్తాయి, వాటంతటవే మానతాయి. అదే కసరత్తు మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువ. కానీ కండరం వాచి బిగుసుకుపోయి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది వేరే సంగతి. కండరాలు చితికి వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తున్నాయన్నమాట. అలవాటు లేని ఒంటితో మొదటి రోజే వందల బస్కీలు తీసినవాళ్ళకు, అందులోనూ ఎండలో నీళ్ళు తాగకుండా చేసినవాళ్ళకు, ఇది వస్తుంది. ఆ రంగు చూసిన గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ జిల్లాలో మరో జాగ్రత్త అవసరం. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. సత్యసాయి తాగునీటి పథకం 1990ల మధ్యలో వందల పల్లెలకు నీళ్ళు అందించడానికి ముందు ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే తాగినవాళ్ళున్నారు. తెల్లారి లేచేసరికి నడుము, మెడ కొయ్యబారినట్టుంటే అది ఫ్లోరైడు ప్రభావం కావచ్చు కాబట్టి, వెన్ను మీద బరువు వేసే ముందు ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.

తిండికి పౌడరు డబ్బాలు కొనక్కర్లేదు. మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బరువులెత్తేవాళ్ళకు 1.6 గ్రాముల వరకు లాభముందని పరిశోధనలు తేల్చాయి. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములు. రెండు వందల గ్రాముల రాగిపిండితో సంగటి 14, అంతే బియ్యం 15, ఊరిబిండి పచ్చడికో చిరుతిండికో యాభై గ్రాముల వేరుశనగలు 12, పప్పో ఉలవలో 75 గ్రాములు 16, మూడు గుడ్లు 19, అరలీటరు పాలో పెరుగో 16. మొత్తం 92. వేరుశనగలో, రాగిలో తగ్గే లైసిన్‌ను పప్పు, ఉలవలు, గుడ్లు భర్తీ చేస్తాయి. త్వరగా కండ వస్తుందని ఎవరైనా సూది మందు చూపిస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి. గుండె, కాలేయం, సంతానశక్తి, మూడింటికీ ముప్పు.

కరువొస్తే బెంగుళూరుకు పనికి పోవడం ఇక్కడి కుటుంబాలకు కొత్త కాదు. ఆరు నెలలు జిమ్ము మొహం చూడకపోతే పడ్డ కష్టమంతా పోయినట్టేనా? పోదు. 2010లో ఓస్లో విశ్వవిద్యాలయంలో గుండర్సన్ బృందం ఎలుకల మీద చూసినదేమిటంటే, పని పెరిగినప్పుడు కండర పోగులో చేరిన కొత్త కేంద్రకాలు, కండ తగ్గిపోయాక కూడా అక్కడే ఉన్నాయి. మనుషుల్లో ఈ కేంద్రకాల సంగతి మీద ఇంకా వాదం నడుస్తున్నా, ఒకసారి బలం సంపాదించినవాళ్ళు రెండోసారి త్వరగా పుంజుకుంటారన్నది మాత్రం నిజం. తిరిగొచ్చాక పాత పుస్తకంలో చివరి పేజీ తీసి, అక్కడున్న బరువులో సగంతో మొదటి వారం, ముప్పాతికతో రెండో వారం చేయండి. నాడులకు పని గుర్తుంటుంది గానీ స్నాయువులు మెత్తబడి ఉంటాయి. పాత బరువు మూడో వారానికి ముందే తేలిగ్గా లేచేట్టు అనిపించినా వేయకండి.