పాత క్యాసెట్ల కోసం కంప్యూటర్‌కు సౌండ్ కార్డు కొనాలా?

దాజీ పేట్‌లో మన వాళ్ల ఇళ్లలో ఏ అటక మీదనో, బీరువా అడుగునో ఒక పాత డబ్బా ఉంటుంది. అందులో క్యాసెట్లు. ఒకదాంట్లో నాయనమ్మ బతుకమ్మ పాట, ఇంకోదాంట్లో పెళ్లి పందిట్లో పెద్దలు పాడిన పాటలు, మరోదాంట్లో మార్కండేయ గుడి ఉత్సవం నాటి భజన. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని సోలాపూర్ వచ్చిన మన పెద్దల పాటలు కాగితం మీదికి ఎక్కినవి తక్కువ, నోటి మీద నిలిచినవి ఎక్కువ. పిల్లలు బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదువుతున్నారు. వారికి ఆ యాస వినిపించాలంటే ఆ క్యాసెట్లే దిక్కు.

వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మా సంఘం సభ్యులం అనుకున్నాం. ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. మొదటి రికార్డింగ్‌లో గొంతు పగిలి వచ్చింది. రెండోసారి గొంతు బాగుంది కానీ వెనక ఒకటే గుంయ్‌మనే మోత. ఒక దుకాణంలో అడిగితే, "లోపల సౌండ్ కార్డు వేయించకపోతే ఇంతే" అన్నారు. ఖర్చు కొన్ని వేల రూపాయలు. అది సభ్యుల చందా సొమ్ము కాబట్టి, కొనే ముందు విషయం తెలుసుకుందామని ఆగాం. ఇదే అనుమానం మీ ఇంట్లోనూ రావచ్చు గనుక తెలిసినంత రాస్తున్నాం.

సౌండ్ కార్డు చేసే పని

టేప్ నుంచి వచ్చే శబ్దం కరెంటు అలగా వస్తుంది. కంప్యూటర్‌కు అంకెలు తప్ప మరేమీ తెలియవు. అలను అంకెలుగా, అంకెలను మళ్లీ అలగా మార్చేదే సౌండ్ కార్డు. ఒకప్పుడు కంప్యూటర్‌కు బీప్ అనడం తప్ప వేరే శబ్దం రాదు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చాక పాట వినాలంటే కార్డు కొనాల్సిందే అన్నట్టు అయింది. 1997లో ఇంటెల్ ఏసీ 97 అనే పద్ధతి, 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చాయి. అప్పటి నుంచి ఆ పని చేసే చిన్న చిప్ మదర్‌బోర్డు మీదే ఉంటోంది. అంటే నేడు కొన్న ప్రతి కంప్యూటర్‌లోనూ సౌండ్ కార్డు పని జరుగుతూనే ఉంది. వేరే కార్డు దానికన్నా ఎంత మెరుగు అన్నదే ప్రశ్న.

క్యాసెట్ విషయంలో లెక్క తేలికే. సీడీ స్థాయి 16 బిట్ల రికార్డింగ్‌లో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. మామూలు క్యాసెట్‌లో ఆ తేడా సుమారు 50 నుంచి 60. టేప్‌లోని సుయ్ అనే శబ్దమే మదర్‌బోర్డు చేసే రొదకన్నా ఎక్కువ. చిన్న చెంబులో నీళ్లు పట్టడానికి పెద్ద గంగాళం కొన్నంత మాత్రాన నీళ్లు పెరగవు.

మోత ఎక్కడిది?

మొదటి తప్పు మాదే. టేప్ రికార్డర్ తీగను గులాబీ రంగు మైక్ సాకెట్‌లో పెట్టాం. మైక్ నుంచి వచ్చే అల చాలా చిన్నది, అందుకని ఆ సాకెట్ దాన్ని పెంచి తీసుకుంటుంది. టేప్ నుంచి వచ్చే పెద్ద అలను కూడా పెంచేసరికి గొంతు పగిలింది. నీలం రంగు లైన్ ఇన్ సాకెట్‌కు మార్చితే సరిపోయింది.

మోత సంగతి తేల్చడానికి రెండు పరీక్షలు చేశాం. మొదట తీగ పీకేసి ఖాళీగా ఒక నిమిషం రికార్డు చేశాం. మోత లేదు. అంటే దోషం మదర్‌బోర్డుది కాదు. తర్వాత తీగ పెట్టి, టేప్ రికార్డర్‌ను ప్లగ్ నుంచి తీసి సెల్లుల మీద నడిపాం. మోత మాయం. రెండు యంత్రాలూ కరెంటుకు తగిలి, తీగతో ఒకదానికొకటి కలిసినప్పుడు 50 హెర్ట్జ్ మోత శబ్దంలోకి దూరుతుంది. కార్డు వేయించినా ఆ మోత అలాగే ఉండేది. కొన్ని వేలు పోయేచోట నాలుగు సెల్లులతో పని అయింది.

ఎవరు కొనవచ్చు?

తీగ పీకేసినా మోత, టిక్ టిక్ వస్తే అది కంప్యూటర్ లోపలి రొద. అప్పుడు కూడా లోపలి కార్డు కన్నా బయట యూఎస్‌బీకి తగిలించే పెట్టె మేలు. ఫ్యాన్లు, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు ఉన్న డబ్బా బయట ఉంటుంది కాబట్టి రొద తక్కువ. పైగా లోపలి కార్డు ల్యాప్‌టాప్‌లో పట్టదు. పెట్టె అయితే ఏ ఇంటికైనా తీసుకుపోవచ్చు. ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి లైన్ ఇన్ ఉండదు గనుక వాటికి పెట్టె తప్పనిసరి.

ఒక్క జాగ్రత్త. కొన్ని వందలకు దొరికే చిన్న యూఎస్‌బీ ముక్కల్లో సాధారణంగా మైక్ సాకెట్ మాత్రమే ఉంటుంది. ఎరుపు, తెలుపు సాకెట్లతో స్టీరియో లైన్ ఇన్ ఉన్నది అడిగి తీసుకోండి. బెహ్రింజర్ యూసీఏ 202 ఆ రకానిదే. ఇక డెస్క్‌టాప్ మీద ఆటలాడే పిల్లలు, ఖరీదైన హెడ్‌ఫోన్లు, ఐదారు స్పీకర్లు పెట్టుకునేవారు మంచి లోపలి కార్డు కొంటే అందులో తప్పు లేదు. క్యాసెట్ల కోసమని మాత్రం కొనకండి.

క్యాసెట్ పెట్టే ముందు

క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరవండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. టేప్ రికార్డర్ హెడ్డును, రబ్బరు చక్రాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. తెల్లని బూజు కనిపిస్తే ఆ క్యాసెట్‌ను నడపకండి, పక్కన పెట్టండి. రికార్డింగ్‌కు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందు వేవ్ ఫైలుగా దాచండి. 60 నిమిషాల క్యాసెట్ స్టీరియోలో సుమారు 635 ఎంబీ అవుతుంది. అంటే 100 క్యాసెట్లు 128 జీబీ పెన్ డ్రైవ్‌లో పడతాయి. అయినా ఒకే చోట ఉంచకండి, రెండు చోట్ల ఉంచండి.

కార్డుకని అనుకున్న డబ్బును ఒక మంచి టేప్ రికార్డర్ బాగుచేయించడానికి వాడాలని తీర్మానించాం. అయితే డబ్బుతో తీరని పని ఒకటి ఉంది. గంట క్యాసెట్‌కు గంట కూర్చోవాలి. పాడుతున్నది ఎవరో చెప్పేవారు పక్కన ఉండాలి. మా దగ్గరికి వచ్చిన క్యాసెట్లలో కొన్నింటి మీద పేరు లేదు, తేదీ లేదు. గొంతు వింటాం, ఎవరిదో మాకు తెలియదు. గుర్తుపట్టగలిగిన పెద్దవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకని మా విన్నపం: క్యాసెట్‌తో పాటు ఆ గొంతు ఎరిగిన అవ్వనో తాతనో కూడా తీసుకురండి. వారు చెప్పిన పేరు, ఊరు, ఏ సందర్భమో మేము రాసుకుంటాం. ఫైలు ఒక ప్రతి మీకిస్తాం, అసలు క్యాసెట్ అదే రోజు మీ చేతికిస్తాం.