భిన్నములు – అణాల లెక్క

1/2ను, 1/4ను కూడుమనగా లవములను లవములతో, హారములను హారములతో కలిపి 2/6 అని వ్రాయు విద్యార్థులను మేము ఏటేట చూచుచున్నాము. గోదావరి డెల్టాలో ఈ పొరపాటు ఖరీదైనది. ఎకరమనగా 100 సెంట్లు. అర ఎకరమునకు పావు ఎకరము చేర్చిన 75 సెంట్లు కావలెను. 2/6 ఎకరమనిన 33 సెంట్ల పైచిల్లరయే దక్కును. సగమునకు మరికొంత చేర్చగా సగముకంటె తగ్గునా?

1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు. రూపాయిలో వీసమనగా అణాయే. అర్ధరూపాయి 8, పావలా 4, బేడ 2. వెరసి 14 అణాలు, అనగా 14/16, కుదించిన 7/8. హారములను సమానము చేయుటయనగా అన్నిటిని ఒకే నాణెములోనికి మార్చుటయే. అయితే మూడవ వంతుకు అణాలు సరిగా తెగవు. 1/2తో 1/3 కూడవలెనన్న ఆరు వంతులు చేసికొనవలెను: 3/6, 2/6, మొత్తము 5/6.