శవపేటిక పక్కన పలికే మాట

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' నవలను ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1992లో సినిమాగా తీశారు. పిల్లలతో చూడదగినది కాదు. అయితే నవలలో లేని ఆరంభం ఒకటి అందులో ఉంది. 1462లో యుద్ధం గెలిచి వచ్చిన డ్రాక్యులాకు భార్య శవం ఎదురవుతుంది. భర్త చనిపోయాడన్న అబద్ధపు వార్త నమ్మి ఆమె నదిలో దూకింది. ఆత్మహత్య గనుక ఆమె ఆత్మకు రక్షణ లేదంటాడు యాజకుడు. ఆ మాటతో అతడు దేవుణ్ణి విసర్జించి, సిలువను కత్తితో పొడిచి, రక్తపిశాచి అవుతాడు.

అతని పాపానికి అతడే బాధ్యుడు. కాని నేనూ శవపేటికల పక్కన నిలబడి మాట్లాడే సేవకుణ్ణే. తీర్పు దేవునిది, మనకప్పగించినది ఆదరణ. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు మాటలు తగ్గించి, వారి పక్కన కూర్చుందాం.