హునరుకు గుర్తింపు : అంతర్జాతీయ కార్మిక సంస్థ నైపుణ్య విధానం

పట్టం పుచ్చుకొని కళాశాల ద్వారం దాటిన విద్యార్థిని లోకం రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఏమి చదివావన్నది మొదటిది. ఏమి చేయగలవన్నది రెండవది. మొదటిదానికి జవాబుగా చూపడానికి విశ్వవిద్యాలయమిచ్చిన కాగితం చేతిలో ఉంటుంది. రెండవదాని వద్దనే మన యువతీయువకులలో అనేకులు తడబడుతున్నారు. మరొకవైపు, రెండవ ప్రశ్నకు తమ చేతులతోనే జవాబు చెప్పగల పనివారు వేలాదిగా ఉన్నారు. కాని మొదటి ప్రశ్నకు చూపడానికి వారి వద్ద కాగితం లేదు. ఈ ఇరువర్గాల అవస్థకూ కలిపి నేడు ఉద్యోగార్హత సమస్య అని పేరు పెట్టారు.

ఈ పేరులోనే ఒక ప్రమాదమున్నది. ఉద్యోగం దొరకకపోవడానికి అర్హత లేకపోవడమే కారణమనీ, తప్పంతా అభ్యర్థిదేననీ అది ధ్వనిస్తుంది. ఈ విషయంలో ప్రపంచ దేశాలకు మార్గం చూపుతున్న అంతర్జాతీయ కార్మిక సంస్థ, అనగా ఐ.ఎల్.ఓ., ఆ భారాన్ని ఒక్కరి భుజాలపై మోపలేదు. ఆ సంస్థ నైపుణ్య విధానం ఎట్లా రూపొందినదో, ఎట్లా పనిచేస్తున్నదో, మనవంటి కళాశాలకు అది నేర్పేదేమిటో యథాశక్తి వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప 1919 లో, వెర్సాయి సంధిలో భాగంగా ఈ సంస్థ అవతరించింది. కార్మికలోకంలో అన్యాయం నిలిచి ఉన్నంతకాలం ప్రపంచంలో శాంతి నిలువదన్న విశ్వాసమే దానికి పునాది. నాడు పరపాలనలో ఉన్నప్పటికీ భారతదేశం స్థాపక సభ్యదేశాలలో ఒకటి. నేడు 187 దేశాలు సభ్యత్వం కలిగి ఉన్నాయి. ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో ఉన్నది. మన దేశంలో సంస్థ కార్యాలయం 1928 లోనే ఢిల్లీలో వెలసింది. 1969 లో సంస్థకు నోబెల్ శాంతి బహుమానం లభించింది.

ఈ సంస్థ ఇతర అంతర్జాతీయ సంస్థలవంటిది కాదు. తక్కిన వేదికలలో ప్రభుత్వాలు మాత్రమే మాట్లాడతాయి. ఇక్కడ ఏటేటా జరిగే మహాసభకు ప్రతి దేశమూ నలుగురు ప్రతినిధులను పంపుతుంది. వారిలో ఇద్దరు ప్రభుత్వం పక్షాన, ఒకరు యజమానుల పక్షాన, ఒకరు కార్మికుల పక్షాన కూర్చుంటారు. ప్రతి ప్రతినిధికీ స్వతంత్రంగా ఓటు వేసే హక్కు ఉన్నది. కార్మిక ప్రతినిధి తన దేశపు ప్రభుత్వానికి ఎదురుగా ఓటు వేసినా తప్పు లేదు. 1927 లో జెనీవా సభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళినవారు, తెలుగు కుటుంబంలో పుట్టి కార్మికోద్యమంలో పెరిగి, 1969 లో రాష్ట్రపతి పదవినలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారే అన్నది మనం గర్వించదగిన విషయం.

మహాసభ చేసే నిర్ణయాలు ముఖ్యంగా రెండు విధాలు. ఒకటి ఒడంబడిక. ఒక దేశం దీనిని లాంఛనంగా అంగీకరించినదంటే, అమలు పరుస్తానని మాట ఇచ్చినట్లే. అమలును గురించి నియమిత కాలంలో నివేదికలు పంపవలసి ఉంటుంది. రెండవది సిఫారసు. ఇది బంధనం కాదు, మార్గదర్శనం. రెండింటికీ మహాసభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అంటే యజమానులనో, కార్మికులనో పూర్తిగా పక్కకు నెట్టి ఏ నిర్ణయమూ తేలికగా నెగ్గదు.

నైపుణ్య విషయంలో ఈ నిర్ణయాలను వరుసగా చూస్తే ఆలోచన ఎట్లా విశాలమైనదో తెలుస్తుంది. 1939 లో వృత్తిశిక్షణపైన ఒక సిఫారసు, అప్రెంటిస్ పద్ధతిపైన మరొకటి వెలువడ్డాయి. 1975 లో ఆమోదించిన మానవ వనరుల అభివృద్ధి ఒడంబడిక, అనగా 142 వ ఒడంబడిక, మరొక అడుగు ముందుకు వేసింది. శిక్షణను ఉపాధితో ముడివేయాలనీ, ఎట్టి వివక్షా లేకుండా ప్రతి వ్యక్తీ తన శక్తులను పెంపొందించుకొని వినియోగించుకొనే అవకాశం కల్పించాలనీ అది నిర్దేశించింది. మన దేశం దీనిని 2009 లో అంగీకరించింది. 2004 లో వచ్చిన 195 వ సిఫారసు విద్యాశిక్షణలు అందరి హక్కు అని ప్రకటించింది. 2023 లో వచ్చిన 208 వ సిఫారసు నాణ్యమైన అప్రెంటిస్ శిక్షణ ఎట్లా ఉండాలో వివరించింది.

ఉద్యోగార్హత అన్న మాటకు 2004 నాటి సిఫారసు ఇచ్చిన అర్థం మనం శ్రద్ధగా గమనించదగినది. మంచి ఉద్యోగాన్ని పొందడానికీ, నిలుపుకోవడానికీ, సంస్థలో ఎదగడానికీ, ఒక పని నుండి మరొక పనికి మారడానికీ, మారుతున్న యంత్రవిజ్ఞానాన్ని తట్టుకోవడానికీ మనిషికి తోడ్పడే, ఎక్కడికైనా వెంట తీసుకుపోగల సామర్థ్యమే ఉద్యోగార్హత అని దాని సారాంశం. ఈ సామర్థ్యాన్ని పెంచే బాధ్యతను కూడ అది మూడు పాళ్ళుగా పంచింది. అన్ని స్థాయులలో విద్యాశిక్షణలకు పెట్టుబడి పెట్టవలసినది ప్రభుత్వం. తన వద్ద పనిచేసేవారికి శిక్షణ ఇవ్వవలసినది యాజమాన్యం. దొరికిన అవకాశాన్ని వినియోగించుకొని తన నేర్పును పెంచుకోవలసినది వ్యక్తి. మొదటి ఇద్దరూ తమ పాలు నిర్వర్తించకుండా మూడవవానిని మాత్రమే నిందించడం న్యాయం కాదన్నమాట.

శిక్షణ ఒక్కటే ఉద్యోగాలను సృష్టించదన్న సంగతి కూడ ఇక్కడ మరువరాదు. వంద కొలువులున్న ఊరిలో వేయిమందికి శిక్షణ ఇస్తే తొమ్మిది వందల మంది నిపుణులైన నిరుద్యోగులవుతారు. అందుచేతనే 1964 నాటి 122 వ ఒడంబడిక, తాను స్వేచ్ఛగా ఎన్నుకొన్న, ఉత్పాదకమైన పని అందరికీ లభించేలా చూడడం ప్రభుత్వ లక్ష్యంగా ఉండాలని కోరింది. దీనిని మన దేశం 1998 లో అంగీకరించింది. జెనీవా కార్యాలయంలో నైపుణ్య శాఖను ఉపాధి విధానం చూసే విభాగంలోనే ఉంచడంలోని ఔచిత్యమిదే. శ్రమను అంగడి సరుకుగా చూడరాదని 1944 లో ఫిలడెల్ఫియా ప్రకటనలో చాటిన సంస్థ, మనిషిని అమ్ముడుపోయే వస్తువుగా తీర్చిదిద్దడమే శిక్షణ అని ఎట్లా చెప్పగలదు?

ఇక మన పాఠకులకు మిక్కిలి దగ్గరైన విషయానికి వద్దాం. ఉర్దూలో హునర్ అన్న చక్కని మాట ఉన్నది. నేర్పు, కళ, పనితనం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. మన పట్టణాలలో ఈ హునర్ ఉస్తాద్ నుండి షాగిర్దుకు, గురువు నుండి శిష్యునికి, చేతినుండి చేతికి అందుతూ వచ్చింది. మోటారు మెకానిక్ షెడ్డులో, దర్జీ దుకాణంలో, మగ్గం పని చేసే ఇళ్ళలో, హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు తయారయ్యేచోట ఇదే పద్ధతి. హైదరాబాదు లక్క గాజులకు 2024 లో భౌగోళిక గుర్తింపు లభించింది. గాజుకు గుర్తింపు వచ్చింది సరే. ఆ గాజును కాల్చి, వంచి, రాళ్ళు పొదిగిన చేతులకు గుర్తింపు ఎప్పుడు అన్నది మన ముందున్న ప్రశ్న.

ఉస్తాద్ నోటిమాట ఉన్న ఊరిలో చెల్లుతుంది. ఫలానావారి షాగిర్దునంటే పక్క వీధిలో పని దొరుకుతుంది. కాని అదే కుర్రవాడు కరీంనగరు నుండో, కడప నుండో గల్ఫు దేశానికి బయలుదేరితే, అక్కడివారికి ఉస్తాద్ ఎవరో తెలియదు. పదేళ్ళ పనితనమున్నవానికి కూడ కాగితం లేనందున కొత్తవాని కూలియే దక్కవచ్చు. ఈ నష్టాన్ని నివారించడానికే 195 వ సిఫారసు ముఖ్యమైన సూత్రమొకటి చెప్పింది. నేర్పును బడిలో సంపాదించినా, పనిలో సంపాదించినా, ఏ దేశంలో సంపాదించినా నిష్పక్షపాతంగా పరీక్షించి ధ్రువపత్రమివ్వాలి. వలస కార్మికుల విషయంలో ప్రత్యేక ఏర్పాట్లు చేయాలి. యువజనులు, వికలాంగులు, అల్పసంఖ్యాక జాతులవారు, గ్రామీణులు, అసంఘటిత రంగంలో పనిచేసేవారు శిక్షణావకాశాలకు దూరం కాకుండా చూడాలని కూడ అది పేర్కొన్నది.

ఇది కాగితంపై మిగిలిపోయిన మాట కాదనడానికి పొరుగుదేశమైన బంగ్లాదేశ్ ఒక ఉదాహరణ. అక్కడ ప్రభుత్వ వృత్తిశిక్షణలో చేరాలంటే ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న నిబంధన చాలాకాలం ఉండేది. నడుమనే బడి మానిన బీదపిల్లలకు ఆ ఒక్క నిబంధనే తలుపు మూసింది. యూరోపియన్ యూనియన్ ధనసహాయంతో, ఐ.ఎల్.ఓ. తోడ్పాటుతో జరిగిన సంస్కరణల ఫలితంగా 2011 నాటి జాతీయ నైపుణ్యాభివృద్ధి విధానం రూపొందింది. కొత్త అర్హతల మెట్లలో అడుగున రెండు ప్రాథమిక మెట్లు చేర్చారు. తక్కువ చదివినవాడు కూడ మొదటి మెట్టుపై కాలు మోపి పైకి ఎక్కే వీలు కలిగింది. మెట్టు ఎంత ఎత్తున మొదలవుతుందన్నది సామాన్యమైన లెక్కగా కనిపిస్తుంది గాని, ఎవరు లోపలికి వస్తారు, ఎవరు వెలుపల నిలిచిపోతారు అన్నది దానిపైనే ఆధారపడి ఉన్నది.

ఇట్టి పనికి నాయకత్వం వహించడమంటే ఏమిటి? నైపుణ్య శాఖ అధిపతికి ఏ దేశపు మంత్రినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. ఆయనకుగాని, ఆమెకుగాని ఉన్న సాధనాలు మూడు. మొదటిది సమాచారం. సంస్థ 2008 లో సవరించిన అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణ లోకంలోని పనులనన్నిటినీ పది ప్రధాన వర్గాలుగా, నాలుగు నైపుణ్య స్థాయులుగా అమర్చింది. మన దేశపు 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ దానిని అనుసరించినదే. రెండవది బోధన. ఇటలీలోని టూరిన్ నగరంలో 1964 లో నెలకొల్పిన శిక్షణ కేంద్రంలో వివిధ దేశాల అధికారులు, యజమానులు, కార్మిక నాయకులు వచ్చి చదువుకుంటారు. మూడవది సంప్రదింపు. త్వరగా పనికివచ్చే మనిషి కావాలని యజమాని అంటాడు. శిక్షణ పేరుతో చవుక కూలీలను తెచ్చి ఉన్నవారి పొట్ట కొట్టరాదని కార్మిక సంఘం అంటుంది. ఖర్చు ఎవరు భరిస్తారని ప్రభుత్వం అంటుంది. ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక మాటపైకి తేవడమే అక్కడి నాయకత్వం. ఈ పద్ధతి నిదానమైనదే. ఒడంబడికను అంగీకరించి కూడ అమలులో వెనుకబడిన దేశాలు లేకపోలేదు. అయినా ముగ్గురూ కలిసి ఒప్పుకొన్న ధ్రువపత్రాన్ని ముగ్గురూ నమ్ముతారు. నమ్మకం లేని ధ్రువపత్రం అచ్చు కాగితానికి మించి విలువ చేయదు.

మన దేశంలోనూ ఈ దిశలో ఏర్పాట్లున్నాయి. ఐ.టి.ఐ.లకు మూలమైన శిక్షణ పథకం 1950 లోను, అప్రెంటిస్ చట్టం 1961 లోను వచ్చాయి. ఆ చట్టానికి 2014 లో చేసిన సవరణతో ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడ అవకాశం కలిగింది. 2013 లో జాతీయ నైపుణ్య అర్హతల వ్యవస్థ ఏర్పడింది. 2015 లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని నేర్చినవారిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే విభాగమొకటి ఉన్నది. ఈ సంగతులు మన విద్యార్థులలో, వారి తల్లిదండ్రులలో ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత కొంత మన కళాశాలపైన కూడ ఉన్నది. పిల్లలకు, యువజనులకు, పెద్దలకు వృత్తులను గురించి, ఉపాధి అవకాశాలను గురించి సమగ్రమైన సమాచారం అందాలని, కార్మిక చట్టాలలోని హక్కులు, బాధ్యతలు కూడ తెలియజెప్పాలని 142 వ ఒడంబడిక కోరుతున్నది. కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. వృత్తి మార్గదర్శనానికి ఒక గదిని, ఒక అధ్యాపకుని కేటాయించి, ఆ సమాచారాన్ని ఉర్దూలోను తెలుగులోను అందుబాటులో ఉంచాలి. పట్టణంలోని ఉస్తాదులను, చిన్న కర్మాగారాల యజమానులను ఏడాదికొకమారైనా పిలిచి విద్యార్థులతో మాట్లాడించాలి. చదువుతూనే సాయంకాలం దుకాణాలలో పనిచేసే విద్యార్థులు మన తరగతులలో ఉన్నారు. వారి పనితనానికి ప్రభుత్వ పరీక్ష ద్వారా ధ్రువపత్రం లభించేలా దారి చూపాలి.

విద్యార్థి మిత్రులకు కూడ ఒక మాట. అప్రెంటిస్‌గా ఎక్కడ చేరినా నాలుగు విషయాలు విచారించండి: లిఖితపూర్వకమైన ఒప్పందమున్నదా, భృతి ఇస్తారా, పనితోపాటు పాఠం కూడ చెబుతారా, చివర నలుగురూ అంగీకరించే ధ్రువపత్రం వస్తుందా? 2023 నాటి సిఫారసు చెప్పిన నాణ్యతకు ఇవే గుర్తులు. ఇవి లేనిచోట శిక్షణ పేరుతో కేవలం చాకిరీ జరిగే ప్రమాదమున్నది. ఇట్లా అడగడం అవిధేయత కాదు. నేర్చుకోవడం మన పాలి బాధ్యత. దానిని శ్రద్ధతో నిర్వర్తిద్దాం. తక్కిన రెండు పాళ్ళ బాధ్యత ఎవరిదో తెలుసుకొని, దానిని మర్యాదగా, పట్టుదలగా అడుగుదాం.