డీజిలు గుండె పెట్టిన బండి

కాలు కదపకుండానే మోటారు బండి ఒకే వేగంతో పోతుందంటే మా ఇంటి పెద్దవారు నేటికీ నమ్మరు. అయినను అది నిన్న మొన్నటి వింత కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు ఇంజనీరు రాల్ఫ్ టీటర్ దానికి 1950లో పేటెంటు పొందినాడు. 1958లో క్రైస్లర్ కంపెనీవారు తమ ఇంపీరియల్ కారులో దానిని అమర్చినారు. క్రూజు కంట్రోలు అనే పేరు తరువాత స్థిరపడినది. టీటరుకు ఐదేండ్ల ప్రాయంలోనే చూపు పోయినది. ఆయన వకీలు మాటల్లో పడి కారును ఒకమారు జోరుగా, ఒకమారు మెల్లగా తోలుతూ ఉంటే, పక్కన కూర్చుండి విసిగి ఈ యుక్తి పన్నినాడట!

మాకు దీనితో పని పడిన వైనం వేరు. మేము హోసూరులో ఒక లారీ ఆఫీసులో లెక్కలు వ్రాసుకొనేవారము. మా అక్క కొడుకు టెక్సాసులో ఉద్యోగి. పనిచేసే చోటు ఇంటికి 70 మైళ్లు. కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగినందున, అంత దూరము ఆక్సిలరేటరు తొక్కి పట్టుకుంటే వాపు వస్తుంది. వాని పాత పికప్పు బండిలో పెట్రోలు ఇంజను చెడిపోగా, స్నేహితునితో కలిసి ఒక పాత డీజిలు ఇంజను తెచ్చి బిగించుకున్నాడు.

“మామా, ఇంజను గుర్రం మాదిరి ఉంది. క్రూజు మాత్రం పట్టేది లేదు” అని ఫోను చేసినాడు.

మాకేమి తెలుసును? మరునాటి సాయంకాలము మా ఆఫీసు షెడ్డులోని తమిళ మేస్త్రిని ఫోను దగ్గర కూర్చోబెట్టి మేము దుబాసీ పనికి దిగినాము. ఆ మేస్త్రి క్రూజు కంట్రోలును ఎన్నడూ విప్పి చూచినవాడు కాడు. అంతా విని, “అది ఉండనీ సారూ, బ్రేకు ఎట్లుందో అడగండి” అన్నాడు.

“బ్రేకు కొంచెం గట్టిగానే ఉంది మామా. ఇంజను బరువు గదా. అలవాటైపోయింది.”

“అలవాటైపోయిందా! బండి తీయవద్దని చెప్పండి” అని మేస్త్రి లేచి నిలబడినాడు.

సంగతి యేమనగా, పెట్రోలు ఇంజనులో గాలి పోయే దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అది ఓరగా మూసి ఉండగా పిస్టన్లు గాలిని లాగుతాయి గనుక, తలుపుకు ఇవతల పీడనం తగ్గుతుంది. మేస్త్రీలు దీనినే వాక్యూం అంటారు. ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు గేజి 18 నుండి 20 అంగుళాలు చూపుతుంది. పాత బండ్లలో క్రూజు డబ్బాలోని రబ్బరు పొర ఈ వాక్యూంతోనే కదిలి ఆక్సిలరేటరు తీగెను లాగుతుంది. బ్రేకు బూస్టరుకూ బలము అదే. పాత డీజిలు ఇంజనులో ఆ తలుపే లేదు. గాలి నిండుగా పోతుంది. వేగము నూనెను బట్టి ఉంటుంది. కాబట్టి వాక్యూం కొరకు వేరే పంపు కావలెను.

పంపు ఉన్నది, ఇంజనుతో కూడా వచ్చినది. గేజి కొని తెచ్చి పెట్టి చూస్తే పంపు మూతి వద్ద 24 అంగుళాలు. బ్రేకు బూస్టరు వద్ద 9. క్రూజు డబ్బా వద్ద 6! నడుమనున్న పాత రబ్బరు గొట్టము పొగగొట్టం వేడికి మాడి, క్లిప్పు కింద చీలి ఉన్నది. వాడు క్రూజు కొరకు వైర్లన్నీ వెదకినాడు గాని ఆ గొట్టము వైపు చూడలేదు.

కొత్త గొట్టము వేసిన పిమ్మట మేస్త్రి చెప్పిన పరీక్ష చేసినాడు. ఇంజను ఆపి, బ్రేకు పెడలు గట్టిపడేదాకా నాలుగైదు మార్లు తొక్కి, కాలు తీయకుండా ఇంజను స్టార్టు చేయవలెను. పెడలు కొంచెం కిందికి దిగితే బూస్టరు పని చేస్తున్నట్లు. ఇది మన ఊరి కార్లకూ చెల్లుతుంది. చదివేవారు ఇంటి ముందు చేసి చూచుకోవచ్చును.

క్రూజు అప్పటికీ పట్టలేదు. ఈ మారు మా మేస్త్రికీ తోచలేదు. కొన్ని పాత బండ్లలో క్రూజు పెట్టె, వెనుక బ్రేకు బల్బు తంతి గుండా భూమి తీసుకుంటుందట. మావాడు అందంగా ఉంటాయని ఎల్.ఇ.డి. బల్బులు వేసి ఉన్నాడు. పాత బల్బులు మరల పెట్టగానే క్రూజు పట్టినది. గేరుపెట్టె మార్చలేదు గనుక వేగము తెలిపే వైరుతో చిక్కు రాలేదు. కడపట, క్రూజు తీగె డీజిలు పంపు మీటను లాగి వదలినప్పుడు అది పూర్తిగా వెనుకకు వస్తున్నదా అని ఇంజను ఆపి చేతితో కదిపి చూడమని మేస్త్రి రెండు మార్లు చెప్పినాడు. మేమూ రెండు మార్లు చెప్పినాము.

పోయిన ఆదివారం ఫోను చేసి, ఆఫీసు దాకా పోయి వచ్చినానన్నాడు. మోకాలు ఎట్లుందప్పా అని మా అక్క అడిగినది.

“మోకాలు బాగుందమ్మా. బ్రేకే ఇంత మెత్తగా ఉంటే మొదట భయమేసింది.”