మీకు తెలుసా? విజయనగరం బడిలో ఆ ఇద్దరు

విజయనగరంలోని మహారాజా కళాశాల పుట్టుకతో కళాశాల కాదు. 1857లో విజయరామ గజపతిరాజు పెట్టించిన బడి అది. హైస్కూలుగా ఎదిగి, 1879లో కళాశాల అయింది. మొదటి ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి. తండ్రిని పోగొట్టుకుని చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడిని ఆయనే చేరదీసి చదివించారు. ఆ కుర్రాడే గురజాడ అప్పారావు. చదువు సాగుతుండగానే 1884లో అదే సంస్థ హైస్కూల్లో మాస్టారయ్యారు. జీతం నెలకు పాతిక రూపాయలట!

అసలు విశేషం గురజాడ సహాధ్యాయి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి కూడా ఈ విజయనగరం బడిలోనే చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. తర్వాత ఈ ఇద్దరు సహాధ్యాయులూ పాత పుస్తకాల భాష అయిన గ్రాంథికం మీద కలిసి పోరాడారు. విద్యార్థులకు వాడుక భాషే ఉండాలంటూ మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ 1914లో అసమ్మతి పత్రం ఇచ్చారు. గిడుగు పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.